సూర్యుడి అయస్కాంతం: నిన్నటి పెరుగే ఇవాళ్టికి తోడు

అడిగిన ప్రశ్న ఇది: “ఇనుప అయస్కాంతాన్ని 770 డిగ్రీల సెల్సియస్ దాటేదాకా కాలిస్తే దాని అయస్కాంతత్వం పోతుందని ఇంటర్లో చదువుకున్నాం. సూర్యుడి ఉపరితలమే దాదాపు 5,500 డిగ్రీలు. మరి అక్కడ అయస్కాంత క్షేత్రం ఎలా పుట్టింది? పుట్టిందే అనుకుందాం, 460 కోట్ల ఏళ్ళుగా హరించుకుపోకుండా ఎలా నిలబడింది?”

డిగ్రీ కాలేజీలో ముప్పై ఏళ్ళు ఫిజిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి. ఈ ప్రశ్నలో మొదటి సగం ఏటా ఎవరో ఒకరు అడిగేవారు. రెండో సగం అడిగినవాళ్ళు తక్కువ. కిటుకంతా ఆ రెండో సగంలోనే ఉంది, కాబట్టి మొదటిది తొందరగా తేల్చేస్తాను.

ఇనుప ముక్క అయస్కాంతంగా పనిచేసేది దానిలోని ఎలక్ట్రాన్ల స్పిన్‌లు ఒకే దిక్కుకు బారులు తీరి ఉండటం వల్ల. వేడిచేస్తే ఆ బారులు చెదిరిపోతాయి. సూర్యుడిలో ఈ రకం అయస్కాంతం ఎక్కడా లేదు. అక్కడున్నది కరెంటు వల్ల పుట్టే రకం. తీగలో కరెంటు పారితే పక్కనున్న దిక్సూచి ముల్లు కదులుతుందని 1820లో ఓర్‌స్టెడ్ చూపించాడే, అది. సూర్యుడి లోపలి వాయువు వేడికి అయాన్లుగా, ఎలక్ట్రాన్లుగా విడిపోయి ప్లాస్మాగా మారింది కాబట్టి కరెంటును చక్కగా మోస్తుంది. ఇనుముకు శత్రువైన వేడే ఇక్కడ సాయపడుతోంది.

ఇక రెండో సగం. “ఇన్నేళ్ళు ఎలా నిలబడింది” అన్న సందేహం సహజమే గానీ, లెక్క వేస్తే చిక్కు తలకిందులవుతుంది. కరెంటు పారే ఏ వస్తువులోనైనా నిరోధం వల్ల క్షేత్రం మెల్లగా తరిగిపోతుంది. వస్తువు ఎంత పెద్దదైతే అంత నిదానంగా తరుగుతుంది. కొలత రెట్టింపైతే కాలం నాలుగింతలు. అరచేతిలో పట్టే రాగి ముద్దలో సెకనులోపే ఆరిపోతుంది. సూర్యుడిలో, లోపలి వేడి కుతకుత ఉడుకుతూ పైకి వచ్చే సంవహన పొర మందం 2 లక్షల కిలోమీటర్లు. అక్కడ నిరోధం ఒక్కటే పనిచేస్తే క్షేత్రం ఆరిపోవడానికి వంద కోట్ల ఏళ్ళకు పైగా పడుతుంది. అంటే, పుట్టుకతో వచ్చిన క్షేత్రమే ఇంకా మిగిలి ఉందని ఎవరైనా వాదిస్తే ఆ లెక్కతో మాత్రం కొట్టిపారేయలేం.

ఆ వాదాన్ని కూల్చింది వేరే సంగతి. దాదాపు 11 ఏళ్ళకోసారి సూర్యుడి ఉత్తర, దక్షిణ ధ్రువాలు తారుమారవుతాయి. గాదెలో నిలవ పెట్టిన వడ్లు ఏళ్ళు గడిచేకొద్దీ తరుగుతాయి, అంతేగానీ పదకొండేళ్ళకోసారి ఖాళీ అయి మళ్ళీ నిండవు. నిండుతున్నాయంటే ఎవరో పండిస్తున్నట్టే. కాబట్టి సూర్యుడి విషయంలో వింత, క్షేత్రం మిగిలి ఉండటం కాదు. ఇంత తొందరగా చెరిగిపోయి, తిరగబడి, మళ్ళీ పుట్టుకురావడం.

ఈ సంగతి ఎలా తెలిసింది? అమెరికాలోని మౌంట్ విల్సన్ మీద 1908లో జార్జ్ ఎల్లరీ హేల్ సూర్యమచ్చ నుంచి వచ్చే కాంతిని వర్ణపటంగా విడదీసి చూశాడు. మామూలుగా ఒక్కటిగా కనిపించాల్సిన నల్లటి గీత మచ్చ దగ్గరకొచ్చేసరికి చీలి ఉంది. అయస్కాంత క్షేత్రంలో ఉన్న పరమాణువుల కాంతి గీతలు అలా చీలతాయని జీమన్ 1896లోనే ప్రయోగశాలలో చూపించి ఉన్నాడు. చీలిక ఎంత ఉందో కొలిస్తే క్షేత్రం ఎంతో తెలుస్తుంది. సుమారు 3,000 గాస్ (క్షేత్రబలానికి కొలమానం) అని తేలింది. మన కాళ్ళ కింద భూమి క్షేత్రం అర గాస్ కూడా ఉండదు. భూమికంటే పెద్దవైన మచ్చలు ఉంటాయి, అంత వైశాల్యమంతా ఈ బలంతో. ఆ బలం కిందనుంచి వచ్చే వేడి ప్లాస్మా పొర్లడాన్ని అణిచేస్తుంది. అందుకే మచ్చ చుట్టుపక్కలకన్నా చల్లగా, దాంతో నల్లగా కనిపిస్తుంది.

ఆ తర్వాత పదేళ్ళు హేల్ బృందం మచ్చల్ని వరసగా కొలిచి 1919లో రెండు నియమాలు ప్రకటించింది. మచ్చలు సాధారణంగా జంటలుగా వస్తాయి, సూర్యుడు తిరిగే దిక్కున ముందు ఒకటి, వెనక ఒకటి. ఉత్తరార్ధగోళంలో ముందు మచ్చ ధనధ్రువం (క్షేత్రం బయటికి వచ్చే చోటు) అయితే అక్కడి జంటలన్నిటిలో దాదాపు అదే వరస. దక్షిణార్ధగోళంలో సరిగ్గా వ్యతిరేకం. తర్వాతి సౌరచక్రంలో (మచ్చలు పెరిగి తరిగే దాదాపు 11 ఏళ్ళ కాలం) రెండుచోట్లా వరస తిరగబడుతుంది. రెండో నియమం హేల్ బృందంలోని జాయ్ పేరుతో ఉంది: జంట నిలువుగానో అడ్డంగానో కాకుండా కొంచెం ఏటవాలుగా ఉంటుంది, ముందు మచ్చ మధ్యరేఖకు దగ్గరగా, వెనకది ధ్రువంవైపు జరిగి. వాలు కొద్ది డిగ్రీలే. ఈ కొద్ది డిగ్రీలను గుర్తుపెట్టుకోండి, కథంతా దాని మీదే నడుస్తుంది.

ఈ వాలు ఇంట్లోనే చూడొచ్చు. నా దగ్గర 60 మిల్లీమీటర్ల చిన్న టెలిస్కోపు ఉంది. ఐపీస్ వెనక తెల్ల డ్రాయింగు షీటు పెట్టి, దాని మీద సూర్యబింబాన్ని అరచేయంత పడేలా చేసి, పొద్దున్నే మచ్చల చుట్టూ పెన్సిల్‌తో గీసుకుంటాను. (టెలిస్కోపులోంచి కంటితో సూర్యుణ్ణి చూడకండి. ఒక్క క్షణం చాలు కన్ను పోవడానికి.) ఒక గుంపు ఈ అంచున కనిపించి ఆ అంచుకు చేరడానికి సుమారు 13 రోజులు. పది షీట్లు ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ అద్దానికి ఆనించి చూస్తే, జంటలు మధ్యరేఖకు సమాంతరంగా లేవనీ, అన్నీ ఒకేలా కొద్దిగా ఒరిగి ఉన్నాయనీ తెలిసిపోతుంది.

సరే, కరెంటు అన్నాం. మరి బ్యాటరీ ఏది? ఏదీ లేదు, అది జనరేటరు. ఇక్కడ నాకు ఓ పాత సంఘటన గుర్తొస్తుంది. మా కాలేజీలో డీజిల్ జనరేటర్‌ను ఒకసారి చాలా నెలలు నడపకుండా వదిలేశారు. తర్వాత ఇంజన్ బ్రహ్మాండంగా తిరిగింది గానీ కరెంటు చుక్క రాలేదు. మెకానిక్ వచ్చి పన్నెండు వోల్టుల బ్యాటరీ వైర్లు రెండూ ఫీల్డ్ చుట్టకు ఒక్కసారి తాకించి తీసేశాడు. అంతే, బల్బులు వెలిగాయి. ఆ రకం జనరేటర్‌లో శాశ్వత అయస్కాంతం ఉండదు. ఇనుములో మిగిలిన కాస్త అయస్కాంతత్వం కాస్త కరెంటు పుట్టిస్తుంది, ఆ కరెంటు అయస్కాంతాన్ని బలపరుస్తుంది, అది ఇంకాస్త కరెంటు పుట్టిస్తుంది. గోరంత కొండంత అవుతుంది. కానీ ఆ గోరంత ఉండి తీరాలి, పాలకు తోడులా. సూర్యుడికి మొట్టమొదటి తోడు, అది పుట్టిన వాయుమేఘంలోనే ఉన్న అతి బలహీనమైన క్షేత్రం. పెంచే శక్తి మాత్రం తిరుగుడుదీ, లోపలి పొర్లుడుదీ.

అయితే జనరేటర్‌లో తీగను మనం కావాలని ఒక పద్ధతిలో చుట్టి, పైన ఇన్సులేషన్ వేస్తాం. సూర్యుడంతా ఒకటే వాహక ముద్ద, కరెంటు ఏ దారిన పోవాలో చెప్పేవాళ్ళు లేరు. 1919లో లార్మర్ “సూర్యుడే ఒక డైనమో కావచ్చు” అన్నప్పుడు చాలామందికి నచ్చింది. 1934లో కౌలింగ్ నీళ్ళు చల్లాడు: అక్షం చుట్టూ పూర్తిగా ఒకే తీరుగా ఉండే క్షేత్రాన్ని ఏ ప్రవాహమూ నిలబెట్టలేదని గణితంతో నిరూపించాడు. అంటే సూర్యుడు తీర్చిదిద్దినట్టు సౌష్ఠవంగా ఉంటే డైనమో ఆగిపోతుంది. ఎక్కడో ఒక వంకర ఉండాలి. ఆ వంకర ఏమిటో 1955లో యూజీన్ పార్కర్ చెప్పేదాకా దారి దొరకలేదు.

పార్కర్ దగ్గరకు వెళ్ళేముందు ఒక మెట్టు. 1942లో ఆల్ఫ్‌వెన్ గమనించింది: వాహకం చాలా పెద్దదీ మంచిదీ అయినప్పుడు క్షేత్రరేఖలు ప్లాస్మాలో ఇరుక్కుపోయి దానితోపాటే కదులుతాయి, సాగితే సాగుతాయి, మెలిపెడితే మెలిపడతాయి. సాగదీసినకొద్దీ క్షేత్రం బలపడుతుంది, రబ్బరు బ్యాండులో బిగువు పెరిగినట్టు.

ఇప్పుడు సూర్యుడు ఎలా తిరుగుతాడో చూడండి. రాతిగోళంలా ఒక్కమాటున తిరగడు. మధ్యరేఖ దగ్గర చుట్టుకు 25 రోజులు, ధ్రువాల దగ్గర దాదాపు 35 రోజులు. కాగితం మీద లెక్కేస్తే 87 రోజులకు మధ్యరేఖ ధ్రువం కంటే ఒక చుట్టు ముందుకు పోతుంది. ఉత్తరం నుంచి దక్షిణానికి నిలువుగా ఉన్న ఒక క్షేత్రరేఖను ఊహించుకోండి. మధ్యభాగం ముందుకు పరిగెడుతుంది, కొసలు వెనకబడతాయి. ఏడాదికి నాలుగు చుట్లు. బొంగరానికి తాడు చుట్టినట్టు రేఖ సూర్యుడి చుట్టూ తూర్పు పడమరలుగా చుట్టుకుంటుంది, చుట్టు చుట్టుకూ బలపడుతుంది. ధ్రువాల దగ్గర కొద్ది గాస్‌లుగా ఉన్నది లోపల వేల గాస్‌లవుతుంది. బాగా బిగిసిన కట్టలు చుట్టుపక్కల ప్లాస్మాకన్నా తేలికై పైకి తేలతాయి. ఉపరితలాన్ని చీల్చుకుని వంతెనలా లేచినచోట ఒక కాలు ధన మచ్చ, రెండో కాలు రుణ మచ్చ. ఉత్తరార్ధగోళంలో చుట్టు ఒక దిక్కుకూ దక్షిణంలో ఎదురు దిక్కుకూ పడుతుంది కాబట్టి హేల్ చూసిన వరస దానంతటదే వచ్చేస్తుంది. ఇలాంటి రేఖల ఒడిలోనే వేలాడే ఎర్రటి వాయుజ్వాలల్ని 1868 ఆగస్టు 18న సంపూర్ణ గ్రహణంలో మన గుంటూరు నుంచి జాన్సెన్ వర్ణపటదర్శినిలో చూశాడు. అవి దేని మీద నిలబడ్డాయో అప్పటికి ఎవరికీ తెలియదు.

ఇంతవరకూ సులువు. నిలువు క్షేత్రం నుంచి అడ్డ క్షేత్రం వచ్చింది. కానీ చుట్టడం ఒక్కటే అయితే అడ్డ క్షేత్రం నుంచి నిలువు మళ్ళీ రాదు, చక్రం మూతపడదు. ఇక్కడే పార్కర్ వంకర. పైకి తేలే ప్లాస్మా, సూర్యుడి భ్రమణం వల్ల పక్కకు మెలితిరుగుతుంది. బంగాళాఖాతంలో వాయుగుండం సుడి తిరిగి తుఫానై మన తీరానికి రావడానికి కారణమైన కొరియోలిస్ ప్రభావమే ఇది. మెలిక పడ్డ ప్లాస్మాతోపాటు క్షేత్రరేఖ కూడా మెలిపడి, తూర్పు పడమర రేఖకు కాస్త ఉత్తర దక్షిణ పాలు అంటుకుంటుంది. జాయ్ చెప్పిన వాలుకు కారణం ఇదే. కాగితం మీద మీరు గీసిన ఆ కొద్ది డిగ్రీల ఒరుగే సూర్యుడి డైనమోకు ప్రాణం.

ఆ వాలు ఏంచేస్తుందో 1961లో హోరేస్ బాబ్‌కాక్, 1964లో లైటన్ విడమరిచారు. రెండు అర్ధగోళాల్లోనూ ముందు మచ్చలు మధ్యరేఖకు దగ్గరగా ఉంటాయి. ఇటువి ధన అయితే అటువి రుణ. మచ్చలు చితికి చెదిరినప్పుడు అవి మధ్యరేఖ దాటి ఒకదాన్నొకటి కొంత రద్దు చేసుకుంటాయి. జతపోయి మిగిలిన వెనక మచ్చల క్షేత్రం ధ్రువంవైపు కొట్టుకుపోతుంది. తీసుకెళ్ళేది ఉపరితలం మీద మధ్యరేఖ నుంచి ధ్రువాలవైపు పారే ఒక మెల్లటి ప్రవాహం, వేగం సెకనుకు 10 నుంచి 20 మీటర్లు. 15 వేసుకుంటే గంటకు 54 కిలోమీటర్లు, మన పల్లెవెలుగు బస్సు. మచ్చలున్న చోటి నుంచి ధ్రువానికి దూరం దాదాపు ఎనిమిదిన్నర లక్షల కిలోమీటర్లు కాబట్టి రెండేళ్ళ దాకా పడుతుంది. వెనక మచ్చల గుర్తు, చక్రం మొదట్లో ఆ ధ్రువానికి ఉన్న గుర్తుకు ఎప్పుడూ వ్యతిరేకమే. అందువల్ల చేరినకొద్దీ పాత ధ్రువక్షేత్రం రద్దయి, సున్నాకు వచ్చి, ఎదురు గుర్తుతో మళ్ళీ పెరుగుతుంది. ధ్రువం తిరగబడటమంటే ఇంతే, అందులో ఉపద్రవం ఏమీ లేదు. రెండు ధ్రువాలూ ఒకేరోజు తిరగబడాలన్న నియమం కూడా లేదు. మొదటిసారి గమనించినప్పుడే దక్షిణ ధ్రువం 1957 మధ్యలో మారితే ఉత్తర ధ్రువం 1958 నవంబరుకు గానీ మారలేదు. ఏడాదికి పైగా సూర్యుడికి రెండు కొసలా ఒకే గుర్తు!

మరి ఇందాక వంద కోట్ల ఏళ్ళు పడుతుందన్న క్షయం పదకొండేళ్ళలో ఎలా సరిపోతోంది? పొర్లుడు వల్ల. కాఫీలో పంచదార వేసి వదిలేస్తే కరగడానికి గంటలు, చెంచాతో తిప్పితే క్షణాలు. సంవహనం క్షేత్రాన్ని అలా చిలికేస్తుంది. చిలుకుడును లెక్కలోకి తీసుకుంటే క్షయానికి పదేళ్ళ పైచిలుకు వస్తుంది. అదే చెరిపేది, అదే రద్దు చేయించేది, వాలు తెచ్చేది కూడా అదే.

ఇక తోడు సంగతి. ఒక చక్రమంతా వేల మచ్చలు వచ్చిపోయాక ధ్రువం దగ్గర మిగిలే మొత్తం అయస్కాంత ఫ్లక్స్ (క్షేత్రరేఖల మొత్తం) ఎంతో తెలుసా? ఒక్క పెద్ద మచ్చల గుంపులో ఉండేంత. మిగతాదంతా ఒకదాన్నొకటి కొట్టేసుకుంది. తర్వాతి చక్రానికి బొంగరం తాడుగా చుట్టుకునేది ఈ మిగిలిన చెంచాడే. నిన్నటి పెరుగులోంచి తీసిపెట్టిన తోడుతో ఇవాళ్టి పాలు తోడుకుంటాయి. తోడు తక్కువైతే పెరుగు పలచన. ఇది పోలికకు చెప్పిన మాట మాత్రమే కాదు, అంచనాలకు ఆధారం కూడా ఇదే: చక్రం చివర ధ్రువక్షేత్రం కొలిస్తే వచ్చే చక్రం బలం ముందే తెలుస్తుంది. 24వ చక్రానికి ముందు పెద్ద పందెమే నడిచింది. 2006లో అమెరికాలో దిక్‌పతి, గిల్మన్ తమ మోడల్‌తో రాబోయేది గట్టి చక్రమన్నారు. 2007లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో అర్ణబ్ రాయ్ చౌధురి బృందం, ధ్రువక్షేత్రాన్ని మోడల్‌లోకి ఎక్కించి, బలహీనమైన చక్రమని చెప్పింది. 2014 ఏప్రిల్‌లో అది మచ్చల సంఖ్య 116 దగ్గర శిఖరం తాకింది. శతాబ్దంలో ఇంత నీరసమైనది లేదు.

అందుకే అసాధారణ మచ్చలకు అంత ప్రాధాన్యం. వరస తప్పి, వాలు తప్పి, మధ్యరేఖ దగ్గర ఒక పెద్ద గుంపు పుడితే, అది ధ్రువానికి చేరాల్సిన చెంచాడులో పెద్ద భాగాన్నే మింగేయగలదు. పదకొండేళ్ళ లెక్క ఒక్క గుంపు దగ్గర తారుమారు కావచ్చు. చక్రాలు ఒకదానిలా ఒకటి లేకపోవడానికీ, మూడు చక్రాల తర్వాత ఏమవుతుందో ఎవరూ చెప్పలేకపోవడానికీ కారణం ఇదేనని నా అభిప్రాయం. 1645 నుంచి 1715 దాకా మచ్చలు దాదాపు కనిపించకుండా పోయిన కాలం కూడా ఉంది. అప్పుడు తోడు మరీ తక్కువైంది గానీ పూర్తిగా పోలేదు, ఆ తర్వాత మళ్ళీ తోడుకుంది.

క్షేత్రం హద్దు లేకుండా పెరగదా అని కూడా అడుగుతారు. పెరగదు. బలపడ్డ క్షేత్రం ప్లాస్మాను తిరిగి తోస్తుంది, తనను చుట్టే తిరుగుడునే కాస్త అడ్డుకుంటుంది. భ్రమణవేగంలో సెకనుకు కొద్ది మీటర్ల తేడాలు 11 ఏళ్ళ లయతో వచ్చిపోతుండటాన్ని 1980లో హొవర్డ్, లాబాంట్ పట్టుకున్నారు.

ఇంత చెప్పాక, ఈ చుట్టుడు సూర్యుడిలో ఎంత లోతున జరుగుతుందన్నదాని మీద నిపుణుల మధ్య ఇప్పటికీ గట్టి తగాదా ఉందని ఒప్పుకోవాలి. 1980లలో కంప్యూటర్ల మీద గిల్మన్, గ్లాట్స్‌మయర్ చేసిన సూర్యుళ్ళలో క్షేత్రం ధ్రువాలవైపు జరిగింది. నిజం సూర్యుడిలో మచ్చలు ఏడాదికేడాది మధ్యరేఖవైపు జరుగుతాయి. ఆ తర్వాత సూర్యుడి కంపనాలను వినే విద్యతో లోపలి భ్రమణం కొలిచారు. ఆరు కేంద్రాల ప్రపంచ జాలంలో ఒకటి మన ఉదయపూర్‌లో ఉంది. సంవహన పొర అడుగున, కేంద్రం నుంచి 70 శాతం దూరంలో, వేగం చటుక్కున మారే పలుచటి పొర బయటపడింది. దానికి టాకోక్లైన్ అని పేరు. అందరూ డైనమో అక్కడే అన్నారు. నేనూ పాతికేళ్ళు క్లాసులో అదే చెప్పాను. 2016లో, అసలు అలాంటి పొరే లేని చిన్న నక్షత్రాలూ సూర్యుడిలాగే ప్రవర్తిస్తున్నాయని తేలింది. 2024లో ఒక బృందం ఉపరితలానికి దగ్గరి పైపొరలోనే ఇదంతా మొదలవుతుందని లెక్కలు చూపింది. ముంబై టాటా ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన శ్రావణ్ హనసోగె, మరికొందరు 2012లో లోపలి సంవహనం మోడళ్ళు అనుకున్నంత జోరుగా లేదని చూపించడం కూడా పాత నమ్మకాలను కుదిపింది. ఇప్పుడు క్లాసు చెబితే టాకోక్లైన్‌ను అంత ధీమాగా గీయను. ఉపరితలం మీద కంటికి కనిపించే భాగం, అంటే వాలు, రద్దు, ధ్రువానికి ప్రయాణం, దాని మీద మాత్రం నాకు అనుమానం లేదు.

ఫలితం కంటితో చూడాలంటే గ్రహణాలు ఉన్నాయి. 1980 ఫిబ్రవరి 16న హైదరాబాద్ దగ్గర జపాల్-రంగాపూర్ మీదుగా పోయిన సంపూర్ణ గ్రహణం చక్రం శిఖరం దగ్గర వచ్చింది. సూర్యకిరీటం, అంటే గ్రహణంలో కనిపించే సూర్యుడి బయటి వాతావరణం, బంతిపువ్వులా చుట్టూ సమానంగా విచ్చుకుంది. 1995 అక్టోబరు 24న ఉత్తరభారతం మీద వచ్చినది చక్రం అడుగున. కిరీటం మధ్యరేఖ పొడవునా రెండు రెక్కలుగా సాగి, ధ్రువాల దగ్గర కుంచె పోచల్లా సన్నటి గీతలు. ఆ పోచలు బలంగా ఉన్న ధ్రువక్షేత్రం, అంటే అప్పటి తోడు. 2024 ఏప్రిల్‌లో డల్లాస్‌లో చూసిన మనవాళ్ళ ఫోన్లలో ఉన్నది మళ్ళీ బంతిపువ్వే.

ఇప్పుడు నడుస్తున్న 25వ చక్రం 2024 అక్టోబరులో 160 దగ్గర శిఖరం తాకి దిగుతోంది. శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబరు 2న వెళ్ళిన ఆదిత్య-ఎల్1 సౌరపవనం (సూర్యుడి నుంచి వీచే కణాల ప్రవాహం) మోసుకొచ్చే క్షేత్రాన్ని భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో కొలుస్తోంది గానీ, ధ్రువాలు దానికీ మనకూ పక్కవాటుగానే కనిపిస్తాయి. యూరప్ వాళ్ళ సోలార్ ఆర్బిటర్ 2025 మార్చిలో 17 డిగ్రీలు వంగి దక్షిణ ధ్రువాన్ని తొంగిచూసింది. తోడు ఎంత మిగులుతుందో రాబోయే నాలుగైదేళ్ళలో తేలుతుంది. మీరే చూడాలనుకుంటే, నాసా సోలార్ డైనమిక్స్ అబ్జర్వేటరీ రోజూ ఉచితంగా పెట్టే అయస్కాంత చిత్రాలు తెరవండి. తెలుపు మనవైపు వచ్చే క్షేత్రం, నలుపు అటు పోయేది. ఇప్పుడు ఉత్తరార్ధగోళంలోని జంటల్లో కుడివైపుది తెలుపు, ఎడమది నలుపు. 2030 ప్రాంతంలో ఏదో ఒక రోజు, మధ్యరేఖకు బాగా ఎగువన ఒక చిన్న జంట కుడివైపు నలుపుతో కనిపిస్తుంది. 26వ చక్రం దానితోనే మొదలు.